పంకజం – ఒక బురద బండి చరిత్ర

యోగరూఢి శబ్దాలను గురించి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ప్రతి తెలుగు పండితుడూ ముందుగా ఎత్తుకొనే ఉదాహరణ ‘పంకజం’. పంకమునందు, అనగా బురదయందు, పుట్టినది పంకజం. బురదలో పుట్టేవి కప్పలున్నాయి, నత్తలున్నాయి, తుంగ ఉన్నది. అయినా లోకం ఆ మాటను తామరపువ్వు ఒక్కదానికే కట్టబెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పాఠం చెప్పినవాడిని. తామర పేరు పెట్టుకున్న ఒక మోటారు కారు నిజంగానే బురద కోసం పుట్టిందన్న సంగతి ఉద్యోగ విరమణ తరువాత తీరికగా చదువుకుంటున్న రోజులలో కంటబడింది. అప్పటినుండి దాని వెంట పడ్డాను. ఆ వెంటపడడంలో పోగైనదే ఈ టపా. కార్లంటే నాకు ఎక్కవలసిన వస్తువే గాని విప్పవలసిన వస్తువు కాదు. యంత్రశాస్త్రం తెలిసిన మిత్రులు ఈ మాట గుర్తుంచుకొని చదవగలరు.

ఆ కారు పేరు లోటస్. మోటారు పందేల అభిమానులకు లోటస్ అంటే జిమ్ క్లార్క్, ఫార్ములా వన్, 1963 నుండి 1978 లోపల గెలిచిన ఏడు కన్‌స్ట్రక్టర్ల చాంపియన్‌షిప్పులు. ఆ కథలు రాసేవారు 1948 నాటి మొదటి బండికి ఒక పేరా కేటాయిస్తారు. కావ్యానికి ముందు మంగళశ్లోకంలాగా దానిని చదివి దాటిపోవడం ఆచారం. నాకు మాత్రం ఆ మంగళశ్లోకమే కావ్యం కంటె ఆసక్తికరంగా తోచింది. అది ఒక మహాసంస్థకు తొలి మెట్టు కావడం వలన కాదు. అటువంటి బండ్లు ఆనాటి ఇంగ్లండులో ఎందరో సామాన్యులు తమ పెరట్లలో కట్టుకున్నారు, వాటిలో అత్యధికం ఎక్కడికీ దారి తీయలేదు. దారి తీయని ఆ బండ్లకు కూడా చరిత్ర ఉన్నదని నా మనవి.

ముందు అవి ఎందుకు పుట్టాయో చెప్పాలి. ఇంగ్లండులో ‘ట్రయల్’ అనే ఒక మోటారు క్రీడ ఉన్నది. ఇది పరుగు పందెం కాదు. మోటారు వాహనాలు కొత్తగా వచ్చిన రోజులలో వాటిని ఎవరూ నమ్మేవారు కారు. దూరప్రయాణం చేసి చెడిపోకుండా తిరిగి వస్తుందా అన్నదే మొదటి పరీక్ష. 1901లో లండన్‌లో ఏర్పడిన మోటార్ సైక్లింగ్ క్లబ్బు ఇటువంటి పరీక్షాయాత్రలు మొదలుపెట్టింది. 1904లో లండన్ నుండి ఎడిన్‌బరోకు, 1908లో లండన్ నుండి దేశపు నైరుతి కొన అయిన లాండ్స్ ఎండ్‌కు, 1910లో ఎక్సెటర్‌కు యాత్రలు వెలిశాయి. పేరులో సైకిల్ ఉన్నా కార్లకూ ప్రవేశం ఉండేది. కాలం గడిచినకొద్దీ బండ్లు గట్టిపడ్డాయి, రోడ్లు బాగుపడ్డాయి, పరీక్షలో పస తగ్గింది. అప్పుడు నిర్వాహకులు ఒక వింత పని చేశారు. బాగుపడని దారులను వెతకడం మొదలుపెట్టారు. ఎక్స్‌మూర్, డార్ట్‌మూర్ గుట్టలలో, కార్న్‌వాల్ సముద్రతీరపు పాడుబడిన తగరపు గనుల దగ్గర, గొర్రెలూ గుర్రపు బండ్లూ తప్ప మరేమీ నడవని రాళ్ళబాటలను ఎంచి, ‘దీనిని ఆగకుండా ఎక్కండి చూద్దాం’ అన్నారు. బెగ్గర్స్ రూస్ట్, సిమ్స్, బ్లూ హిల్స్ మైన్ అనే ఆ గుట్టల పేర్లు ఈ క్రీడాకారులకు మనకు తిరుమల మెట్లంత పరిచితాలు.

నియమం వినడానికి చాలా సులభం. గుర్తుపెట్టిన ఆ కొంత దారిని బండి ఆగకుండా దాటాలి. చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే విఫలమైనట్లే. కొన్నిచోట్ల నడి గుట్టమీద గీత గీసి, అక్కడ ఆగి మళ్ళీ కదలమంటారు. మరికొన్ని రకాల పోటీలలో దారి పొడుగునా అంకెలు వేసిన గుంజలు పాతి, ఎన్నో గుంజ వరకు వెళ్ళగలిగితే దానిని బట్టి లెక్క వేస్తారు. చదువుతున్నప్పుడు నాకు మా ప్రకాశం జిల్లా సంక్రాంతి బండలాగుడు పందేలు గుర్తుకు వచ్చాయి. అక్కడ కూడా ఎవరు ముందు అన్నది కాదు. ఇచ్చిన సమయంలో ఆ ఒంగోలు గిత్తల జత ఎంత దూరం లాగింది అన్నదే లెక్క. బండ కదలడం ఆగిన క్షణాన జనం నోట వచ్చే నిట్టూర్పు ఎటువంటిదో మా ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక జనవరి నెలలో మా అమ్మాయి ఇంటికి ఎక్సెటర్ వెళ్ళినప్పుడు, అల్లుడిని బతిమాలి సిమ్స్ గుట్ట చూడడానికి వెళ్ళాను. డార్ట్‌మూర్ అంచున ఇల్సింగ్‌టన్ అనే పల్లె దగ్గర, రెండు వైపులా కంచెపొదలు గల ఇరుకు సందు అది. చలికి నా మఫ్లరు, దానిమీద అల్లుడి మఫ్లరు. సుమారు మూడు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే వాలు, పైన తడిసిన రాళ్ళు, ఆకుల గుజ్జు. మనిషి నడవడానికే పొదలు పట్టుకోవాలి. రాత్రంతా నడిపి వచ్చిన బండ్లు ఒక్కొక్కటీ కింద మలుపులో గేరు మార్చి ఎక్కేవి. డ్రైవరు ప్రక్కన కూర్చున్న ఆసామి సీటులో ఎగిరెగిరి పడుతుంటే మొదట నాకు నవ్వు వచ్చింది. తరువాత అల్లుడు వివరించాడు. అతడు ఎగిరి పడిన ప్రతిసారీ వెనుక చక్రాల మీద బరువు పడుతుంది, పడిన క్షణంలో టైరు నేలను కరుస్తుంది. బురదలో దిగబడిన ఎడ్లబండి వెనుక చెక్కమీద నిలబడి బరువు సర్దే మన పాలేరు విద్యకూ దీనికీ భేదం లేదు. ఎక్కలేక ఆగిపోయిన బండిని లాగడానికి మోకుతో మనుషులు సిద్ధంగా ఉన్నారు. గెలిచిన బండికన్నా ఆగిన బండికే చప్పట్లు ఎక్కువ పడడం నేను గమనించాను. అది ఎగతాళి కాదు. ఎక్కడిదాకా రాగలిగాడో మెచ్చుకోవడం.

ఇటువంటి గుట్టకు దుకాణంలో కొన్న కారు పనికిరాదు. దానికి ఇంజను ముందు, బరువు ముందు, నడిపే చక్రాలు వెనుక. గుట్టమీద వెనుక చక్రాలు పట్టు లేక గిరగిర తిరుగుతాయి. పైగా ఒక చక్రం పట్టు తప్పితే ఇంజను శక్తి అంతా ఆ తిరిగే చక్రానికే పోయి, పట్టున్న చక్రం ఊరకే నిలబడుతుంది. కాబట్టి బండి తేలికగా ఉండాలి, ఉన్న బరువు వెనుకకు ఉండాలి, నేలకు ఎత్తుగా ఉండాలి, మొదటి గేరు బాగా తక్కువ వేగానిది కావాలి, టైరులో గాలి తక్కువ ఉండాలి. కొందరు వెనుక చక్రాలకు చెరొక చేతిబ్రేకు పెట్టి, తిరిగే చక్రాన్ని బిగబట్టి శక్తిని రెండవదానికి మళ్ళించేవారు. డబ్బున్నవారు ఇటువంటి బండ్లను కంపెనీల దగ్గర ప్రత్యేకంగా చేయించుకున్నారు. డబ్బు లేనివారు స్వయంగా కట్టుకున్నారు. ఇలా స్వయంగా కట్టుకున్న బండినే అక్కడివారు ‘స్పెషల్’ అంటారు. మన టీ కొట్టులో స్పెషల్ వేరు.

కట్టుకోవడానికి ముడిసరుకు ఏది? దాదాపు అందరికీ ఒకటే: ఆస్టిన్ సెవెన్.

ఈ చిన్నకారు కథ కూడా చిత్రమైనదే. మొదటి ప్రపంచయుద్ధం తరువాత హెర్బర్ట్ ఆస్టిన్ సంస్థ పెద్దకార్లు అమ్ముడుపోక దివాలా అంచుకు వచ్చింది. చిన్నకారు చేద్దామంటే డైరెక్టర్లు ఒప్పుకోలేదు. ఆస్టిన్ తన ఇంట్లోనే, బిలియర్డ్స్ గదిలో, స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేళ్ళ డ్రాయింగు కుర్రవాడిని కూర్చోబెట్టుకొని నమూనా గీయించాడు. 1922లో వెలువడిన ఆ కారు ధర 165 పౌండ్లు. ఇంజను 747 సీసీ, బరువు సుమారు 360 కిలోలు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం రెండు మీటర్లు కూడా లేదు. 1939 వరకు సుమారు 2,90,000 బండ్లు తయారైనాయి. జర్మనీలో 1927 నుండి ఇదే బండి అనుమతితో డిక్సీ అనే పేరుతో తయారైనది. 1928లో ఆ కర్మాగారాన్ని బీఎండబ్ల్యూ కొన్నది. నేటి ఆ ఘనసంస్థ కార్ల వంశవృక్షానికి వేరు ఈ బుల్లి బండి.

స్పెషల్ కట్టేవారికి ఆస్టిన్ సెవెన్ ఎందుకు నచ్చిందో దాని అస్థిపంజరం చూస్తే తెలుస్తుంది. దాని ఛాసీ ఆంగ్లాక్షరం ‘ఏ’ ఆకారంలో, ముందు ఇరుకుగా వెనుక వెడల్పుగా ఉన్న రెండు ఇనుప కమ్మీలు. అది వెనుక ఇరుసు దాకా కూడా పోదు. మధ్యలోనే ఆగిపోతే, అక్కడినుండి రెండు కమాను కట్టలు వెనుకకు చాచుకొని ఇరుసును పట్టుకుంటాయి. ముందు ఒక్కటే కమాను కట్ట, అడ్డంగా. పైన ఉన్న శరీరం వేరే. బోల్టులు విప్పితే నలుగురు మనుషులు ఎత్తి ప్రక్కన పెట్టవచ్చు. ప్రతి భాగం మనిషి ఒళ్ళో పట్టేంత చిన్నది. దోషాలూ ఉన్నాయి. క్లచ్ పెడల్ ప్రయాణం ఎంత తక్కువంటే కాలు కొంచెం కదిలితే బండి ఎగిరి దూకుతుంది. క్రాంకు షాఫ్టుకు రెండే బేరింగులు, వేగం పెంచితే మధ్యలో వంగుతుంది. అయితే ఈ దోషాలు ఊరిలో ప్రతివాడికీ తెలుసు, ప్రతి దోషానికీ ఒక విరుగుడు కూడా తెలుసు. 1950ల నాటికి పాతబడి తుక్కుకు దగ్గరైన సెవెన్ కొద్ది పౌండ్లకే దొరికేది.

అవధానంలో దత్తపది అనే అంశం ఉన్నది. పృచ్ఛకుడు నాలుగు మాటలు ఇస్తాడు. కవి వాటిని అమర్చి, అడిగిన విషయంమీద, అడిగిన ఛందస్సులో పద్యం చెప్పాలి. మాటలు కవి ఎంచుకున్నవి కావు. పద్యం మాత్రం అతనిదే. స్పెషల్ కట్టేవాడి పని అచ్చంగా ఇదే. ఛాసీ, ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు ఆస్టిన్ ఇచ్చిన నాలుగు పదాలు. విషయం గుట్ట. ఇక ట్రయల్ నియమాలు నిషిద్ధాక్షరి: ఆగరాదు, వెనుకకు జారరాదు, గుర్తు దాటి ప్రక్కకు పోరాదు. ‘కారు ఆస్టిన్ వాడు చేసినదే కదా, వీడు చేసినదేమిటి’ అని అడిగేవారు అప్పుడూ ఉన్నారు. దత్తపదిలో మాటలు పృచ్ఛకుడివే కదా, కవి చేసినదేమిటి అని ఎవరైనా అడిగితే సభ నవ్వుతుంది.

ఇప్పుడు మళ్ళీ తామర దగ్గరకు వద్దాం. కాలిన్ చాప్‌మన్ 1928లో పుట్టాడు. తండ్రి ఉత్తర లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్ నడిపేవాడు. కుర్రవాడు యూనివర్సిటీ కాలేజీలో నిర్మాణశాస్త్రం, అనగా వంతెనలూ కట్టడాలూ నిలిచే లెక్కలు, చదువుతూ ప్రక్కన ఒక మిత్రుడితో కలిసి పాతకార్ల బేరం చేసేవాడు. యుద్ధానంతర కాలంలో కొత్త కార్లు దొరకవు కాబట్టి పాతవాటికి మంచి గిరాకీ. అంతలో 1947లో దేశానికి డాలర్ల కొరత వచ్చింది. సామాన్య వాహనదారులకు ఇచ్చే పెట్రోలు కోటాను ప్రభుత్వం ఆ ఏడాది చివరలో రద్దు చేసింది. పెట్రోలే లేనప్పుడు పాతకారు ఎవరు కొంటారు? బేరం కూలిపోయింది. ఉన్న సరుకు వచ్చినకాడికి అమ్మగా అమ్మగా, ఎవరూ కొనని ఒక బట్టతొడుగు ఆస్టిన్ సెవెన్ చేతిలో మిగిలింది. అమ్ముడుపోని ఆ సరుకే లోటస్ మార్క్ వన్.

దానిని కట్టిన చోటు మస్వెల్ హిల్‌లో ఒక ఇంటి వెనుక ఉన్న చిన్న గ్యారేజి. ఆ ఇల్లు హేజల్ విలియమ్స్ అనే అమ్మాయి తల్లిదండ్రులది. చాప్‌మన్‌కు ఆమెతో స్నేహం 1944 నుండి. 1954లో వారికి పెళ్ళి జరిగింది. చరిత్రలు ‘చాప్‌మన్ కట్టాడు’ అనే రాస్తాయి. ఆ గ్యారేజీ ఎవరిది, ఆ తరువాత సంస్థ పెట్టడానికి చేతిలో పెట్టిన 25 పౌండ్లు ఎవరివి అంటే రెండింటికీ జవాబు హేజల్ వైపే ఉన్నది. ఆమె పని సాగేటప్పుడు అక్కడే ఉన్నది. ఆ బండిలో ట్రయల్స్‌కూ వెళ్ళింది. గుట్టమీద ప్రక్క సీటులో ఎగిరెగిరి పడే పని ఎంత ముఖ్యమో సిమ్స్ దగ్గర కళ్ళారా చూసినవాడిని కనుక ఈ సంగతి కాస్త నొక్కి చెబుతున్నాను.

చాప్‌మన్ చేసిన పనిలో ఆ చదువు కనిపిస్తుంది. తక్కినవారు పాత శరీరాన్ని ఎత్తి పారేసి, తేలిక రేకు ఒకటి చుట్టి సరిపెట్టేవారు. ఆస్టిన్ ఛాసీ గుట్టమీద మెలితిరిగే గుణం కలది. పైన రేకు ఉన్నా లేకపోయినా ఆ మెలి పోదు. ఇతడు ఛాసీ మీద అడ్డగోడలు నిలబెట్టి, వాటికి అల్యూమినియం రేకు అంటించిన ప్లైవుడ్‌ను బిగించి, శరీరమే ఛాసీకి ఊతమయ్యేట్టు కట్టాడు. విమానం పొట్టను కట్టే పద్ధతి అది. విశ్వవిద్యాలయపు వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నవాడు కాబట్టి ఆ ఆలోచన చేతికి అందింది. ఖరీదైన లోహం ఏమీ లేదు. ప్లైవుడ్, రేకు, మేకులు, సాయంకాలాలు. 1948లో బండి రోడ్డెక్కింది. రిజిస్ట్రేషన్‌లో దానిని ఆస్టిన్ అనక లోటస్ అని రాయించాడు. ఆ పేరు ఎందుకో చాప్‌మన్ బయట చెప్పలేదు. హేజల్‌ను ముద్దుగా తామరమొగ్గ అని పిలిచేవాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అమరకోశం అతనికి తెలిసి ఉంటుందని నేను అనను. బురద గుట్టలు ఎక్కడానికి కట్టిన బండికి పంకజమని పేరు కుదరడం మాత్రం ఏ పండితుడు పెట్టినా అంతకంటె బాగా కుదరదు.

మార్క్ టూ కూడా ట్రయల్స్ కోసమే మొదలైంది. ఈసారి ఫోర్డ్ ఇంజను. 1950లో సిల్వర్‌స్టోన్‌లో దానితో పరుగుపందెంలో దిగి, ఒక బుగాటీని వెనుకకు నెట్టిన తరువాత చాప్‌మన్ మనసు గుట్ట దిగి పరుగుబాట పట్టింది. ఆ బండి కొన్న మైక్ లాసన్ అనే ఆయన మాత్రం గుట్టలు వదలలేదు. తనకోసం మరొక ట్రయల్స్ బండి కావాలని చేయించుకున్నాడు. అది మార్క్ ఫోర్. లోటస్ బురదలో దిగడం దాదాపు అంతటితో సరి. 1952 జనవరి 1న లోటస్ ఇంజనీరింగ్ కంపెనీ అనే పేరుతో దుకాణం తెరుచుకున్నది. కార్యస్థానం తండ్రి హోటలు వెనుక ఉన్న పాత గుర్రపుశాల.

ఇక్కడ చరిత్రకారులు తొందరగా దాటిపోయే విషయం ఒకటి ఉన్నది: పన్ను. యుద్ధకాలంలో, 1940లో, బ్రిటన్‌లో కొనుగోలు పన్ను వచ్చింది. 1951లో కార్లమీద దానిని ధరలో మూడింట రెండు వంతులకు పెంచారు. ఆరువందల పౌండ్ల సరుకుకు నాలుగువందలు పన్ను. అయితే విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే అది కారు కాదు, భాగాల మూట. దానికి ఈ పన్ను లేదు. లోటస్ మార్క్ సిక్స్, 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈ సందులోనుండే ఇంటింటికీ నడిచాయి. మార్క్ సిక్స్‌లో ఆస్టిన్ ఛాసీ పోయింది. సన్నని ఉక్కు గొట్టాలు అతికిన పంజరం, ఒట్టిది ఒక మనిషి ఎత్తగలిగినంత తేలిక, సుమారు 25 కిలోలు. కొనేవాడు పంజరం లోటస్ నుండి తెచ్చుకొని, ఇంజనూ ఇరుసులూ పాత ఫోర్డ్ నుండి పీకి, స్వయంగా బిగించుకునేవాడు. స్పెషల్ అనే పెరటి విద్య మూటగట్టిన సరుకుగా, ‘కిట్ కారు’గా మారిన మలుపు ఇదే.

ఈ పన్ను గురించి ఒక కథ చెప్పుకుంటారు. కిట్‌తోపాటు బిగించే విధానం రాసి ఇస్తే అది పూర్తి కారు కింద లెక్క అని అధికారులు అన్నారట. అప్పుడు లోటస్ వారు కారును విప్పే విధానం రాసి ఇచ్చారట. కొన్నవాడు దానిని చివరినుండి మొదటికి చదువుకోవాలి! కథలో నిజమెంతైనా, మన సాహిత్యంలో విలోమకావ్యాలు తెలిసినవారికి ఇది కొత్త వింత కాదు. ముందునుండి చదివితే రాముడి కథ, వెనుకనుండి చదివితే కృష్ణుడి కథ వచ్చేట్టు శ్లోకాలు రాసిన కవులు మనకున్నారు. వారు పన్ను తప్పించుకోవడానికి రాయలేదు, అంతే తేడా.

పెట్రోలు కోటా లేకపోతే ఆ ఆస్టిన్ అమ్ముడుపోయేది. కొనుగోలు పన్ను లేకపోతే కిట్ పుట్టేది కాదు. ఛందస్సు కవిని కట్టివేస్తుందని పడుచుదనంలో నాతో వాదించిన మిత్రులు కొందరు ఇప్పటికీ ఇక్కడికి వస్తుంటారు. వారికి ఈ రెండు ఉదాహరణలు సమర్పిస్తున్నాను. అయితే ఛందస్సు కవి కోరి తెచ్చుకునేది, కొరత ఎవరూ కోరి తెచ్చుకోనిది. కాబట్టి ఈ పోలికను ఇంతకంటె సాగదీయను. ఆనాటి ఇంగ్లండులో బ్రెడ్డుకు కూడా రేషను నడిచింది. దానిని తలుచుకొని ఎవరూ మురిసిపోవడం నేను చదవలేదు.

లోటస్ ఒక్కటే కాదని ముందే అన్నాను. 1939లోనే ఆస్టిన్ సెవెన్ అభిమానులు 750 క్లబ్బు పెట్టుకున్నారు. యుద్ధం ముగిశాక ఈ పేదవాడి విద్యకు అదే గురుకులం. ఎవరు ఏ చిక్కును ఎలా విప్పారో క్లబ్బు పత్రికలో రాసుకునేవారు, అది చూసి మరొకరు కట్టుకునేవారు. లెక్కచూస్తే అది మనం ఇక్కడ చేసుకుంటున్న పనే. బర్మింగ్‌హామ్ దగ్గర ఆల్వ్‌చర్చ్‌లో డెలింగ్‌పోల్, లో అనే ఇద్దరు తమ పేర్లు కలిపి డెల్లో అని సంధి చేసి, 1949 నుండి అచ్చంగా ట్రయల్స్ కోసమే బండ్లు అమ్మారు. న్యూజీలాండులో బ్రూస్ మెక్‌లారెన్ అనే కుర్రవాడు గుట్ట ఎక్కే పోటీలో మొదట దిగినది ఒక పాత ఆస్టిన్ సెవెన్‌తోనే. అలెక్ ఇసిగోనిస్, జార్జ్ డౌసన్ అనే ఇద్దరు మిత్రులు 1930లలో ఏళ్ళ తరబడి చేతి పనిముట్లతో లైట్‌వెయిట్ స్పెషల్ అనే బండి కట్టారు. అదే ఇసిగోనిస్ 1959లో మినీ కారుకు రూపకల్పన చేశాడు. చవకగా, చురుకుగా పరుగెత్తే కొత్త కారు దుకాణంలో దొరుకుతుంటే పెరట్లో ఆస్టిన్ ఎవరు విప్పుతారు? 1960లో పదేళ్ళు దాటిన కార్లకు యోగ్యతా పరీక్ష తప్పనిసరి అయ్యాక ఎన్నో పాత బండ్లు తుక్కుకు వెళ్ళాయి. 1973లో కొనుగోలు పన్ను స్థానంలో వ్యాట్ వచ్చి విడిభాగాలకూ వర్తించింది. కిట్‌కున్న పన్ను లాభం పోయింది. లోటస్ ఆ ఏడాదే సెవెన్ హక్కులను కేటర్‌హామ్ అనే సంస్థకు వదులుకున్నది. వారు ఇప్పటికీ దానిని కిట్‌గా కూడా అమ్ముతున్నారు. కట్టుకున్నవాడు బండిని ప్రభుత్వ పరీక్షకు తీసుకుపోయి, నెగ్గితే రోడ్డెక్కించవచ్చు. దారి ఇరుకైంది గాని మూసుకుపోలేదు.

మన దగ్గర ఆ దారి దాదాపు లేదు. కంపెనీ చేసిన వాహనపు మౌలిక స్వరూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా ధ్రువపరిచింది. మన రోడ్లు, మన రద్దీ చూస్తే చట్టాన్ని తప్పుపట్టడం నా వల్ల కాదు. అయితే నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంజనీరింగు చదివే రోజులలో స్నేహితులతో కలిసి ఒక బండి కట్టాడు. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో 2007 నుండి జరుగుతూ వచ్చిన బాజా పోటీ కోసం. అక్కడ అందరికీ ఒకే రకం చిన్న ఇంజను ఇస్తారు, తక్కినది విద్యార్థులు కట్టుకోవాలి. దత్తపదే మళ్ళీ. వాడికి నా తరగతిలో సంధులు ఎప్పుడూ కలవలేదు. ఆ బండి ఫోటో చూపిస్తూ గొట్టాల అతుకుల గురించి గంటసేపు మాట్లాడాడు. ఏ అతుకు ఎక్కడ పగిలిందో, ఎన్నిసార్లు మళ్ళీ వేశారో, రాత్రి రెండు గంటలకు వెల్డింగు రాడ్లు అయిపోతే ఎవరిని నిద్ర లేపారో అన్నీ చెప్పాడు. పోటీ అయిపోయాక ఆ బండి ఏమైందిరా అంటే, కాలేజీ షెడ్డులో ఉంది మాస్టారూ, రోడ్డు మీదకు తేవడానికి లేదు కదా అన్నాడు. తరువాత చదువు అయిపోయింది. వాడిప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు.

లోటస్ మార్క్ వన్‌ను 1950లో అమ్మేశారు. కొన్నవారు ఉత్తర ఇంగ్లండువారు. దాని నంబరు ఓఎక్స్ 9292. ఆ తరువాత దాని జాడ లేదు. ఏడు చాంపియన్‌షిప్పుల కార్లు ప్రదర్శనశాలలలో, శ్రీమంతుల గ్యారేజీలలో మెరుస్తుంటే, మొదటి బండి ఏ పల్లెలో ఏ కోళ్ళగూటి ప్రక్కన తుక్కైందో, లేక ఎవరైనా దానిని విప్పి మరొక స్పెషల్‌కు ఇరుసులు తీసుకున్నారో చెప్పగలవారు లేరు. రెండవదే జరిగి ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది. దానిని కట్టినవాడు కూడా ఆస్టిన్‌కు చేసింది అదే కదా.